కావేరి ఒడ్డున నాగరత్నమ్మ కట్టిన గుడి

జనవరి, ఫిబ్రవరి నెలలు వచ్చాయంటే దుబాయ్, షార్జా, అబుదాబీల్లో ఉండే సంగీతం పిచ్చోళ్లందరికీ ఒకటే హడావుడి. త్యాగరాజ ఆరాధన. అసలు తిథి పుష్య బహుళ పంచమి. కానీ ఇక్కడ పంచమి ఏ రోజు వచ్చిందని ఎవరూ చూడరు. హాలు ఏ రోజు దొరుకుతుంది, ఎక్కువ మందికి సెలవు ఏ రోజు అన్నదే ముహూర్తం. 2022కి ముందు శుక్రవారం చేసేవాళ్లు, వారాంతం మారాక చాలా చోట్ల శని, ఆదివారాలకు జరిగింది. స్టేజి మీద కూర్చునేవాళ్లలో ఒక్కరు కూడా డబ్బులకు పాడేవాళ్లు కాదు. వయొలిన్ పట్టుకున్నాయన ఒక కంపెనీలో అకౌంటెంట్. మృదంగం వాయించే కుర్రాడు కంప్యూటర్ల మనిషి. వీణ ముందు కూర్చున్నావిడ ఇద్దరు పిల్లల తల్లి. ఆ వీణను ఊరి నుంచి ఇక్కడికి తెచ్చుకోవడానికి పడ్డ పాట్లు ఆవిడే నవ్వుతూ చెబుతుంటారు. తెలుగువాళ్లు, తమిళులు, కన్నడిగులు, మలయాళీలు పక్కపక్కనే కూర్చుని రెండు నెలల ముందు నుంచే ఎవరో ఒకరి ఇంట్లో రాత్రి పూట ప్రాక్టీసు చేస్తారు. తీరా ఆ రోజు గంటా గంటన్నర పాడి, పులిహోర తిని, మర్నాడు పొద్దున్నే ఎవరి డ్యూటీకి వాళ్లు.

నాకు పాడడం రాదు. కాకినాడలో డిప్లొమా చదివాను, ఇక్కడ సైటులో సూపర్‌వైజర్‌ని. మా కోనసీమలో చిన్నప్పుడు రామాలయంలో భజన వింటూ నిద్రపోయిన అలవాటు కొద్దీ ఈ కార్యక్రమానికి వెళ్తుంటాను. పాడలేనివాడికి కూడా పని ఉంటుంది కదా. తివాచీలు పరవడం, మైకు వైర్లు తొక్కకుండా టేపు అంటించడం, వంటపాత్రలు పికప్‌లో ఎక్కించడం నా డిపార్టుమెంట్.

కొన్నేళ్ల కిందట మా సైటులో పనిచేసే ఒక మేస్త్రీని నాతో తీసుకెళ్లాను. కామారెడ్డి వైపు మనిషి, నాకంటే పదిహేనేళ్లు పెద్ద. నేను పెద్దన్నా అనే పిలుస్తాను. ఊళ్లో భజన మండలిలో చిన్నప్పటి నుంచి తాళం వేసినవాడు. క్యాంపులో ప్లాస్టిక్ బకెట్ తిరగేసి వాయించాడంటే రూములో ఉన్న ఎనిమిది మందీ మంచాల మీంచి లేచి కూర్చుంటారు. ఆ రోజు తనకున్న మంచి చొక్కా ఇస్త్రీ చేయించుకుని మరీ వచ్చాడు. అందరితో పాటు కూర్చుని తాళం వేద్దామని స్టేజి దగ్గరికి వెళ్తే, నిర్వాహకుల్లో ఒకాయన మర్యాదగానే ఆపి, అక్కడ నేర్చుకున్నవాళ్లకే చోటని చెప్పి వెనక్కి పంపారు. ఆయన వచ్చి చెప్పుల స్టాండు పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అయిదు పాటలూ అయ్యేదాకా తొడ మీద వేళ్లతో తాళం వేస్తూనే ఉన్నాడు, ఒక్కసారి తప్పలేదు. నేను చూశాను. ఏమీ అనలేదు. నా గౌరవం ఎక్కడ పోతుందో అని నోరు మూసుకున్నాను. సైటులో అరవై మంది మీద అరిచే నోరు ఆ రోజు పెగల్లేదు.

ఆ తర్వాత ఎప్పుడో ఈ ఆరాధన ఎక్కడ పుట్టింది, ఎవరు మొదలుపెట్టారు అని తెలుసుకుంటుంటే బెంగళూరు నాగరత్నమ్మ గారి కథ దొరికింది. ఆమె పేరు మన తెలుగువాళ్లలో చాలామందికి ముద్దుపళని పుస్తకం వల్ల తెలుసు. నన్ను మాత్రం ఆమె కట్టిన కట్టడం పట్టుకుంది. అందుకే ఆ కథ మన గల్ఫ్ సోదరులకు చెప్పాలనిపించింది.

నాగరత్నమ్మ గారు 1878 నవంబరు 3న మైసూరు దగ్గరి నంజనగూడులో పుట్టారు. తల్లి పుట్టలక్ష్మి దేవదాసి. అంటే దేవుడికి అంకితమైన ఆడమనిషి. పాట, ఆట, చదువు ఆ ఇళ్లల్లోనే బతికాయి. మిగతా ఆడవాళ్లకు బడి ముఖం తెలియని రోజుల్లో వీళ్లకు సంస్కృతం, సంగీతం వచ్చు. గుళ్లో, పెళ్లిళ్లలో వీళ్ల పాట కావాలి, సంఘంలో మాత్రం చోటు లేదు. తండ్రి సుబ్బారావు అనే వకీలు. ఆయన తల్లీబిడ్డలను వదిలేసి వెళ్లిపోయారు. పుట్టలక్ష్మి బిడ్డను చంకనేసుకుని మైసూరు చేరింది. అక్కడ గిరిభట్ట తిమ్మయ్య అనే ఆస్థాన పండితుడు ఆ పిల్లకు సంస్కృతం చెప్పారు. పిల్ల చురుకు. ఎంత చురుకంటే చూసినవాళ్లకు కడుపుమంట పుట్టేంత. కొన్నాళ్లకు ఆ గురువు గారితోనే చెడింది. కూతుర్ని గొప్ప విదుషిని చేసే దాకా మళ్లీ మైసూరులో అడుగుపెట్టనని ఆ తల్లి శపథం పట్టి ఊరు వదిలిందని చెబుతారు. కూతురికి పద్నాలుగు, పదిహేనేళ్లు వచ్చేసరికే ఆమె కన్నుమూసింది.

తల్లి పోయాక మేనమామ వెంకటస్వామప్ప చూసుకున్నారు. ఆయన ఫిడేలు విద్వాంసుడు. బెంగళూరులో మునుస్వామప్ప దగ్గర పాఠం కుదిరింది. ఇది చాలా ముఖ్యం. ఎందుకంటే త్యాగరాజస్వామి దగ్గర నేర్చుకున్న వాలాజాపేట శిష్యుల వరస నుంచి వచ్చిన పాఠం ఆయనది. ఎవరి సమాధి కోసం ఈ పిల్ల తర్వాత తన ఆస్తంతా పెట్టిందో, ఆ స్వామి పాట అప్పుడే ఆమె గొంతులో పడింది. పదిహేనేళ్లకే సభలో పాడారు. మైసూరు సంస్థానంలో మెప్పు పొందారు. తల్లి శపథం ఆ విధంగా తీరింది, చూడడానికి తల్లే లేదు.

బెంగళూరులో మైసూరు హైకోర్టు జడ్జి నరహరిరావు ఆమెకు అండగా ఉన్నారు. సంగీతానికి అసలు కేంద్రం మద్రాసే అని ఆమెను అక్కడికి పంపింది ఆయనే అంటారు. 1900 దాటిన తొలి ఏళ్లలో ఆమె మద్రాసు చేరి జార్జ్‌టౌన్‌లో కాపురం పెట్టారు. కన్నడ దేశంలో పుట్టిన పిల్ల, తమిళ పట్నానికి వచ్చి, తెలుగు పాట పాడి బతికింది. మనం ఇక్కడ అరబ్బు దేశంలో హిందీ మాట్లాడి మలయాళీ హోటల్లో తింటున్నట్టే అనుకోండి. ఎన్నో కచేరీలు చేశారు, గ్రామఫోన్ రికార్డులు ఇచ్చారు, తెలుగు, కన్నడం, సంస్కృతాల్లో హరికథలు చెప్పారు. నగలు, ఇల్లు, బండి అన్నీ సొంత గొంతుతో సంపాదించారు. మద్రాసులో ఆదాయపు పన్ను కట్టిన మొదటి గాయని ఆమేనని చెప్పుకుంటారు.

ఇక ఆ పుస్తకం గొడవ. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు రాజు ప్రతాపసింహుడి కొలువులో ముద్దుపళని అనే కవయిత్రి ఉండేది. ఆమెదీ దేవదాసి కుటుంబమే. రాధికాసాంత్వనము అని తెలుగులో శృంగార కావ్యం రాసింది. నాగరత్నమ్మ గారు చదివిన అచ్చు పుస్తకంలో కవయిత్రి తన గురించి, తన వంశం గురించి చెప్పుకున్న పద్యాలు లేవు. రాతప్రతి సంపాదించి పోల్చి చూస్తే విషయం తెలిసింది. కందుకూరి వీరేశలింగం పంతులు గారు అప్పటికే ఆ కావ్యాన్ని బూతు అని తీసిపారేశారు. అంత పెద్దాయన మాటకు ఈవిడ ఎదురు నిలబడ్డారు. శృంగారం మగకవులు రాస్తే కావ్యమూ, ఆడది రాస్తే తప్పూ ఎలా అవుతుందన్నది ఆమె వాదన. 1910లో వావిళ్లవారి ద్వారా మొత్తం పుస్తకాన్ని, తీసేసిన పద్యాలతో సహా, అచ్చు వేయించారు. మరుసటి ఏడాదే తెల్లదొరల ప్రభుత్వం దాన్ని నిషేధించింది. పోలీసులు ప్రతులు పట్టుకెళ్లారు. టంగుటూరి ప్రకాశం పంతులు గారు మద్రాసు ప్రభుత్వానికి పెద్దగా ఉన్న రోజుల్లో గానీ ఆ నిషేధం పోలేదు, అంటే మూడున్నర దశాబ్దాలు. వావిళ్లవారు మళ్లీ 1952లో వేశారు. ఈ గొడవ గురించి పండితులు చాలా రాశారు కాబట్టి నేను ఇక్కడితో ఆపి నాకు తెలిసిన ఇసుక, సిమెంటు వైపు వస్తాను.

త్యాగరాజస్వామి 1767లో తిరువారూరులో పుట్టి, తంజావూరు దగ్గర తిరువయ్యారులో జీవితమంతా గడిపారు. ఇంటిపేరు కాకర్ల. కాకర్ల అనే ఊరి నుంచి తరాల కిందట కావేరీ తీరానికి వలస వెళ్లిన కుటుంబమని చెబుతారు. అంటే ఆయన కూడా వలస వెళ్లిన వాళ్ల బిడ్డే. తమిళదేశంలో ఉండి, ఇంట్లో మాట్లాడే తెలుగులోనే కీర్తనలు కట్టారు. ఉంఛవృత్తి అని, వీధిలో పాడుకుంటూ వెళ్తే ఇంటివాళ్లు వేసిన బియ్యంతో బతికారు, రాజుగారి కానుకలు తీసుకోలేదు. 1847 జనవరి 6న పోయారు. పోయే ముందు సన్న్యాసం తీసుకున్నారు కాబట్టి దహనం చేయకుండా కావేరి ఒడ్డునే సమాధి చేసి, పైన చిన్న బృందావనం కట్టారు. శిష్యులు ఎవరి ఊరికి వాళ్లు వెళ్లిపోయారు. ఎవరి ఇళ్లల్లో వాళ్లు తద్దినం పెట్టుకునేవాళ్లు. యాభై ఏళ్లలో ఆ బృందావనం చుట్టూ ముళ్లకంప పెరిగిపోయింది. 1903లో ఆయన దగ్గర స్వయంగా నేర్చుకున్న ఉమయాళ్‌పురం కృష్ణ భాగవతార్, సుందర భాగవతార్ వచ్చి, వెతికి, శుభ్రం చేయించి, ఒక రాయి మీద పేరు చెక్కించి వెళ్లారు. అప్పటికి వాళ్లిద్దరూ ముసలివాళ్లు.

ఆ తర్వాత 1908 ప్రాంతంలో తిల్లైస్థానం నరసింహ భాగవతార్, పంజు భాగవతార్ అనే అన్నదమ్ములు మిగతా విద్వాంసులను కలుపుకుని ఏటా ఆరాధన మొదలుపెట్టారు. మన సంఘాల సంగతి మనకు తెలుసు కదా, కొద్ది ఏళ్లకే రెండు ముక్కలైంది. ఒకటి పెరియ కక్షి, ఒకటి చిన్న కక్షి, అంటే పెద్ద పార్టీ, చిన్న పార్టీ. ఎవరి చందాలు వాళ్లవి, ఎవరి భోజనాలు వాళ్లవి. ఇంత పోటీలో కూడా స్వామి సమాధికి గోడ కడదామని ఎవరికీ తోచలేదు. ఏడాదిలో నాలుగు రోజులు పందిరి, పాట, సంతర్పణ. మిగతా రోజులు మేకలు, ముళ్లు.

1921లో మైసూరు విద్వాంసుడు బిడారం కృష్ణప్ప తిరువయ్యారు వెళ్లి ఆ స్థితి చూసి కడుపు తరుక్కుపోయి నాగరత్నమ్మ గారికి ఉత్తరం రాశారు. ఆయన దగ్గర కూడా ఆమె పాఠం నేర్చుకున్నారు. అప్పటికి ఆమెకు నలభై రెండేళ్లు. పిల్లలు లేరు. మద్రాసులో పెద్ద పేరు, చేతినిండా డబ్బు. స్వామి కలలో కనిపించి చెప్పారని కూడా అంటారు. కల సంగతి నాకు తెలియదు గానీ, ఉత్తరం చదివి ఊరుకోకుండా రైలెక్కి వెళ్లి ఆ చోటు చూసిన సంగతి నిజం. అక్కడి స్థలం ఎవరి పేరు మీద ఉంది, పక్క జాగా ఎవరిది, ఎవరి అనుమతి కావాలి అన్నీ ఆరా తీయించి, పక్కనున్న నేల కొని, 1921 అక్టోబరు 27న శంకుస్థాపన చేయించారు.

మనలాంటి పనివాళ్లకు ఇక్కడే కథ బాగా అర్థమవుతుంది. నది ఒడ్డు నేల అంటే ఏమిటో సైటులో పనిచేసిన ఎవరినడిగినా చెబుతారు. పైన ఎండి గట్టిగా కనిపిస్తుంది, నాలుగడుగులు తవ్వితే తడి ఇసుక. వరద వచ్చిన ఏడాది గట్టు కోస్తుంది. పైగా మామూలు కట్టడం కాదు, కింద సమాధి ఉంది. దాన్ని కదపకూడదు, దాని చుట్టూ పునాది తీయాలి. ఇప్పుడంటే సాయిల్ టెస్టు రిపోర్టు చూసి డ్రాయింగు వేస్తారు. అప్పుడు తంజావూరు మేస్త్రీల అనుభవమే రిపోర్టు. ఇక డబ్బు. బిల్లు పాస్ కాకపోతే పని ఆగుతుందని మనకు తెలియనిదా. ఇక్కడ క్లయింటు ఆమే, కన్సల్టెంటు ఆమే, బిల్లు కట్టేదీ ఆమే. డబ్బు అయిపోతే మద్రాసు వెళ్లి కచేరీలు చేసేవారు, హరికథలు చెప్పేవారు, తెచ్చి పనిలో పెట్టేవారు. అదీ చాలకపోతే నగలు అమ్మారు. ఒడ్డాణం ఎప్పుడు పోయింది, గాజులు ఎప్పుడు పోయాయి అని లెక్క రాసుకునే మనిషి కాదు. పునాది రాయి వేసిన నాటి నుంచి పూర్తి కావడానికి మూడేళ్లు పైనే పట్టింది. 1925 జనవరి 7న విగ్రహ ప్రతిష్ఠ, కుంభాభిషేకం జరిగాయి.

చిత్రం ఏమిటంటే, గుడి కట్టిన మనిషికి ఆ గుడి ముందు పాడే హక్కు లేదు. ఆరాధనలో ఆడవాళ్లు పాడకూడదన్నది అప్పటి కట్టుబాటు. అందులోనూ ఈవిడ దేవదాసి. తన సొంత డబ్బుతో కట్టిన సన్నిధిలో హరికథ చెప్పుకుంటానని అడిగితే పెద్ద పార్టీవాళ్లు ఒప్పుకోలేదు. కుంభాభిషేకం రోజున ఆమె సొమ్ము కావాలి, ఆమె పాట అక్కర్లేదు. నేను కట్టిన బిల్డింగులు కూడా ఈ ఊళ్లో చాలా ఉన్నాయి, వాటిలోకి మళ్లీ వెళ్లాలంటే గేటు దగ్గర సెక్యూరిటీ ఆపుతాడు. అది వేరే సంగతి లెండి, నాకు జీతం ఇచ్చారు, నా పని అయిపోయింది. ఆమెకు ఎవరూ జీతం ఇవ్వలేదు, ఆమే ఇచ్చింది.

ఆమె ఏడుస్తూ కూర్చోలేదు. కోపం మాత్రం బాగా వచ్చే మనిషే. 1927లో తానే మూడో పార్టీ పెట్టారు. పెంగళ్ కక్షి, అంటే ఆడవాళ్ల పార్టీ. మద్రాసు నుంచి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి గాయనులను కూడగట్టుకుని వచ్చారు. ముందు వైపు మగవాళ్ల పందిరి ఉంది కాబట్టి, గుడి వెనక వైపు తమ పందిరి వేసుకున్నారు. తంబూరాలు, వీణలు, ఫిడేళ్లు పట్టుకుని వాళ్లలో వాళ్లే పాడుకున్నారు. ఎవరికీ పారితోషికం లేదు, సొంత ఖర్చుతో రావడం, వడ్డించింది తినడం, పాడడం. ఊరూరా విడివిడిగా, ఎవరి మర్యాద వాళ్లు కాపాడుకుంటూ బతికే ఆడవాళ్లకు ఏడాదికి ఒకసారి ఒకచోట కలిసి కూర్చుని పాడుకునే చోటు అది. ముందు వాకిట్లో వినే జనం మెల్లగా వెనక వాకిట్లోకి రావడం మొదలుపెట్టారు. దాదాపు పదమూడేళ్లు ఇలా ఒకే గుడికి మూడు ఉత్సవాలు జరిగాయి.

అదే 1927 ఇంకో పోరాటం కూడా ఆమె నెత్తిన పడింది. దేవదాసీ పద్ధతి రద్దు చేయాలని డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి గారు మద్రాసు శాసన మండలిలో ప్రయత్నం మొదలుపెట్టారు. నాగరత్నమ్మ గారు దేవదాసీల సంఘం తరఫున దాన్ని వ్యతిరేకించారు. తమ కులానికి చదువు, కళ, ఆస్తి హక్కు ఉన్నాయని, చట్టం వస్తే అవీ పోతాయని ఆమె బాధ. ఈ విషయంలో నేను ముత్తులక్ష్మీ రెడ్డి గారి వైపే. ఆడపిల్లను గుడికి రాసిచ్చే పద్ధతి పోవాల్సిందే, 1947లో చట్టం వచ్చి పోయింది. కానీ ఆ పద్ధతితో పాటు ఆ ఆడవాళ్ల పాటను, పేరును కూడా సంఘం తుడిచేసింది కదా. ఆమె భయపడ్డదంతా ఉత్తదని అనలేం.

1940 నాటికి మద్రాసులో, తంజావూరులో పెద్ద విద్వాంసులకు, అధికారులకు ఈ మూడు పందిళ్ల వ్యవహారం తలవంపుగా అనిపించింది. ఐసీఎస్ అధికారి ఎస్.వై. కృష్ణస్వామి, గాయకుడు ముసిరి సుబ్రహ్మణ్య అయ్యర్ లాంటి వాళ్లు పూనుకుని అందరినీ ఒక చోట కూర్చోబెట్టారు. శ్రీ త్యాగబ్రహ్మ మహోత్సవ సభ ఏర్పడింది. 1941 నుంచి ఆరాధన ఒక్కటే, పందిరి ఒక్కటే. అందులో ఆడవాళ్లు మగవాళ్లతో పాటు కూర్చుని పాడారు. వెనక వాకిలి నుంచి ముందు వాకిలికి రావడానికి నడిస్తే ఎంత దూరం? నాలుగు గోడలు చుట్టి రావడమే. ఆ దూరానికి పద్నాలుగేళ్లు పట్టింది.

ఇప్పుడు మనం చూసే గోష్ఠిగానం, అంటే అందరూ కలిసి పంచరత్న కీర్తనలు పాడే పద్ధతి స్థిరపడింది కూడా ఆ కలయిక తర్వాతే. అయిదు కీర్తనలు, అయిదు ఘనరాగాలు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ. మొదటిది సంస్కృతం, మిగతా నాలుగూ తెలుగు. ముందు త్యాగరాజస్వామి ఒక్కరే కూర్చుని కట్టుకున్నవి. కచేరీల్లో ఎవరి మనోధర్మం వాళ్లది, ఒకరు పాడితే నలుగురు వింటారు. ఇక్కడ మాత్రం వంద మంది, రెండు వందల మంది ఒకే స్వరం, ఒకే సాహిత్యం, ఒకే తాళం. పెద్ద విద్వాంసుడి పక్కన నిన్న మొన్న నేర్చుకున్న పిల్ల. మన దేశపు సంగీతంలో పాశ్చాత్యుల ఆర్కెస్ట్రా లాంటిది లేదంటారు. ఆ రోజు తిరువయ్యారు పందిట్లో కూర్చున్నవాళ్లను చూస్తే ఆ మాట సగమే నిజం అనిపిస్తుంది. కాకపోతే చేత్తో కర్ర పట్టుకుని నడిపించే పెద్ద ఉండడు, తొడ మీద పడే తాళమే పెద్ద. అక్కడ పాడినందుకు ఎవరూ డబ్బు తీసుకోరు. కచేరీకి లక్షలు తీసుకునే వాళ్లు కూడా ఆ రోజు నేల మీదే కూర్చుంటారు. ఇదే పద్ధతి ప్రపంచమంతా తెలుగువాళ్లు, తమిళులు ఉన్న ప్రతి ఊరికీ పాకింది. అమెరికాలో క్లీవ్‌లాండ్ అనే ఊళ్లో 1978 నుంచి ఏటా పెద్ద ఎత్తున జరుగుతోంది. మన ఎడారి ఊళ్లకూ అలాగే వచ్చింది.

నాగరత్నమ్మ గారు చివరి ఏళ్లు తిరువయ్యారులోనే ఉండిపోయారు. మద్రాసులో రాణీలా బతికిన మనిషి, నగలు లేకుండా, కాషాయం రంగు చీరతో, ఉదయం లేచి స్వామి సన్నిధి చూసుకుంటూ గడిపారు. 1949లో వీలునామా రాశారు. మిగిలిన ఆస్తి మొత్తం ఒక ట్రస్టుకు, ఆ సమాధి నిర్వహణకు. అందులో ఒక షరతు పెట్టారు. ఆడవాళ్లకు, దేవదాసీ ఆడవాళ్లతో సహా, అక్కడ పూజ చేసుకునే హక్కు, పాడుకునే హక్కు ఎప్పుడూ ఉండాలని. సైటు హ్యాండోవర్ చేసేటప్పుడు మనం కూడా ఒక కాగితం రాసి సంతకం తీసుకుంటాం కదా, తర్వాత ఎవరూ మాట మార్చకుండా. ఆమెకు అనుభవం నేర్పిన జాగ్రత్త అది. 1952 మే 19న కన్నుమూశారు. స్వామి సమాధికి దగ్గరలోనే ఆమెకు సమాధి కట్టి, పైన విగ్రహం పెట్టారు. కూర్చుని, చేతులు జోడించి, స్వామి వైపే చూస్తూ ఉంటుంది. ఇప్పుడు ఆరాధన రోజుల్లో ఎవరు పాడినా ఆమె ముందు నుంచే పాడాలి.

మా మేస్త్రీ సంగతి మిగిలిపోయింది. ఈ కథ తెలిసిన తర్వాత వచ్చిన ఏడాది ప్రాక్టీసు మొదలవడానికి చాలా ముందే నేను ఆ పెద్దాయన దగ్గరికి వెళ్లి, పోయినసారి జరిగింది చెప్పాను. గొడవేమీ పెట్టలేదు. స్వామి వీధిలో తిరిగి పాడినప్పుడు వెంట నడిచినవాళ్లలో ఎంతమంది నేర్చుకున్నవాళ్లని మాత్రం అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, తాళం తప్పకుండా ఉంటే చాలన్నారు. ఆ మాటతో క్యాంపుకు వెళ్లి మేస్త్రీకి చెబితే, అసలు రానన్నాడు. పోయినసారి నేను నోరు మూసుకున్న సంగతి ఆయన కూడా గమనించాడు మరి. మూడు వారాలు అడిగాను. నాలుగో వారం, సాహిత్యం తనకు రాదని, తాళానికే అయితే వస్తానని ఒప్పుకున్నాడు. సాహిత్యం నా ఫోనులో రికార్డు చేసి ఇచ్చాను. ఎండాకాలంలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు బయట పని ఆపేస్తారు కదా, ఆ వేళల్లో నీడలో అట్టముక్క పరుచుకుని, చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని అదే వింటూ పడుకునేవాడు. జనవరి నాటికి అయిదింట్లో మూడు కీర్తనలు నోటికి వచ్చేశాయి.

ఆ ఏడాది ఆయన కుడి వైపు మూడో వరసలో, మృదంగం కుర్రాడి వెనక కూర్చున్నాడు. వరాళి దగ్గర మాత్రం నోరు విప్పలేదు, తాళం వేశాడు. నేను ఎప్పటిలాగే తలుపు దగ్గర చెప్పులు సర్దుతూ విన్నాను. ఈ ఏడాది ఆయనకు వీసా అయిపోతోంది, వయసూ మీద పడింది, ఊరికి వెళ్లిపోతున్నాడు. వెళ్తూ వెళ్తూ తిరువయ్యారు ఎటు వైపు, ఏ రైలు ఎక్కాలి అని అడిగాడు. చెన్నై వెళ్లి తంజావూరు రైలెక్కితే, అక్కడి నుంచి బస్సులో పది పన్నెండు కిలోమీటర్లే అని కాగితం మీద రాసిచ్చాను.